చలికాలం కరెంటు బిల్లు: మన సీమ ఇళ్లలో వేడినీళ్ల లెక్క ఇలా తేల్చుకోండి

కడపలో ఉండే మా అక్క జనవరి మొదటి వారంలో ఫోన్ చేసి "ఒరే, ఫ్యాన్లు ఆపేసి నెలన్నర అయింది, కూలర్ మూల పడేసినాం, అయినా బిల్లు పెరిగిందేమిరా?" అని అడిగింది. నవంబర్‌లో 212 యూనిట్లు వచ్చిన ఇంట్లో డిసెంబర్‌లో 291 వచ్చింది. మీటర్ చెడిపోయిందని తనకు అనుమానం, బావకేమో రీడింగ్ తీసే అబ్బాయి మీద అనుమానం. వెళ్లి చూస్తే రెండూ కాదు. కొత్తగా పెట్టించిన 15 లీటర్ల గీజర్ స్విచ్ మీద ఎర్ర లైటు, ఆ స్విచ్‌ను నేను వెళ్లిన మొదటి రెండు రోజుల్లో ఎవరూ ఒక్కసారి కూడా ఆపలేదు.

ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి చల్లటి దేశాలవాళ్లు పడే పాట్లు మనకు లేవు. మన అనంతపురం, కర్నూలు, కడప వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో 16 నుంచి 19 డిగ్రీలు, చలి బాగా ముదిరితే ఇంకాస్త కిందికి దిగుతుంది, పొద్దున తొమ్మిదికల్లా ఎండ వచ్చేస్తుంది. కాబట్టి చలికి మనం పెట్టే ఖర్చంటే ముక్కాలు మువ్వీసం స్నానాల వేడినీళ్లే. ఆ నీళ్లను ఏ పొయ్యి మీద, ఏ వేళలో, ఎంత వేడి దాకా కాస్తున్నామో ఒక్కసారి లెక్క వేసుకుంటే బిల్లు మన చేతిలోకి వస్తుంది. ఎలా లెక్క వేయాలో, ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ మాత్రం అస్సలు కక్కుర్తి పడకూడదో మా అక్క ఇంట్లో చేసిందే చేసినట్టు చెప్తాను.

ముందు ఒక్క బకెట్ లెక్క

పెద్ద బకెట్ అంటే 20 లీటర్లు. తెల్లారుజామున మిద్దె మీద ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి, స్నానానికి 40 డిగ్రీలు చాలు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్ అవర్ కావాలి, ఇది ఏ కంపెనీ హీటర్ అయినా మారేది కాదు. 20 లీటర్లు, 20 డిగ్రీలు, అంటే 465 వాట్ అవర్లు. బకెట్‌కు అర యూనిట్ అని గుర్తుపెట్టుకోండి చాలు. నలుగురు రోజూ తలా ఒక బకెట్ పోసుకుంటే రోజుకు రెండు, నెలకు 60 యూనిట్లు.

రాడ్ పెడితే తక్కువ కాలుతుంది, గీజర్ అయితే ఎక్కువ తాగుతుంది, ఇన్‌స్టంట్ గీజర్ అయితే నిమిషంలో అయిపోతుంది కాబట్టి ఆదా అని మూడు రకాల మాటలు వింటుంటాం. మూడూ తప్పే. 1500 వాట్ల రాడ్ 20 నిమిషాల్లో అర యూనిట్ తీసుకుంటుంది, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఆ అర యూనిట్‌నే పది నిమిషాల్లో తీసుకుంటుంది. ఏదైనా సరే కరెంటు దాదాపు అంతా నీళ్లలోకే వెళ్తుంది. తేడా వచ్చేది మనం వేడి చేసి వాడకుండా వదిలేసిన నీళ్ల దగ్గర.

దాన్ని కళ్లారా చూడాలంటే ఇలా చేయండి. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఒక అరగంట ఆపేయండి. మీటర్ తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, తేదీ, టైము, ఆ తర్వాత కేడబ్ల్యూహెచ్ అని వచ్చేదే మన యూనిట్లు. దశాంశంతో సహా రాసుకోండి. చల్లటి నీళ్లున్న గీజర్ ఆన్ చేసి, లోపల టిక్కుమని ఆగేదాకా ఉండి మళ్లీ చూడండి. మా అక్క ఇంట్లో పొద్దున 5.40కి స్విచ్ వేశాం. అక్క టార్చ్ పట్టుకుని మీటర్ పెట్టె దగ్గర నిలబడింది, నేను బాత్రూం గుమ్మంలో. 22 నిమిషాలకు గీజర్ మీది లైటు ఆరింది. అంకె సరిగ్గా 0.7 పెరిగింది. ట్యాంకులో 15 లీటర్లూ 60 డిగ్రీలకు వచ్చాయన్నమాట. ఆ నీళ్లలో చన్నీళ్లు కలుపుకుంటే ఒకటిన్నర బకెట్ వస్తుంది, అక్కడి దాకా నష్టమేమీ లేదు. కానీ స్విచ్ ఆపకపోతే ఆ 60 డిగ్రీల వేడి గోడ చల్లదనానికి మెల్లగా దిగిపోతుంది, గీజర్ మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది, రోజంతా ఇదే పని. ఎవరూ చుక్క వాడకపోయినా ఇలా రోజుకు అర యూనిట్ అటూఇటుగా పోతుంది, పాత గీజర్ అయితే ఇంకా ఎక్కువ. అక్క ఇంట్లో పెరిగిన 79 యూనిట్లలో 60 స్నానాలవి. మిగతా 19 ఎవరి ఒంటినీ తాకకుండా గోడలోకి పోయినవి.

ఆ 60 యూనిట్ల ఖరీదు ఇంటింటికీ ఎందుకు మారుతుంది

నా ఉద్దేశంలో అందరూ తప్పకుండా చదవాల్సింది ఈ భాగమే.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ల కరెంటుకు ఒకే రకం మెట్ల లెక్క నడుస్తోంది. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 దాకా రూ.3, 76 నుంచి 125 దాకా రూ.4.50, 126 నుంచి 225 దాకా రూ.6, 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. పై మెట్టు ఎక్కినంత మాత్రాన కింది యూనిట్ల రేటు పెరగదు, ఎక్కిన యూనిట్లకే ఎక్కువ రేటు. ఫ్రిజ్, లైట్లు, టీవీ, మోటార్ ఇవన్నీ ఏడాది పొడుగునా ఎలాగూ ఉండేవి, అవి కింది మెట్ల మీద కూర్చుంటాయి. చలికాలంలో కొత్తగా వచ్చి చేరిన వేడినీళ్లు మాత్రం ఎప్పుడూ మీ ఇంటి ఆఖరి మెట్టు మీదే పడతాయి.

మామూలుగా 60 యూనిట్లు వాడే చిన్న ఇంట్లో ఇంకో 60 యూనిట్ల వేడినీళ్లు కలిస్తే పెరిగేది దాదాపు రూ.247. 140 యూనిట్ల ఇంట్లో అవే నీళ్లకు రూ.360. 210 యూనిట్ల ఇంట్లో రూ.484. అవే బకెట్లు, అంతే వేడి. మా అక్క వాళ్లది 212 యూనిట్ల ఇల్లు కాబట్టి 225 గీత ఎప్పుడు దాటిందో కూడా తెలియకుండా 66 యూనిట్లు రూ.8.75 మెట్టు మీద పడ్డాయి. ఎనర్జీ ఛార్జీలే రూ.939 నుంచి రూ.1,594కి వెళ్లాయి. దీని మీద యూనిట్‌కు 6 పైసల సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ వేరే.

కాబట్టి మీ నవంబర్ బిల్లు బయటికి తీయండి. అందులో ఉన్న యూనిట్లకు, మనిషికి నెలకు 15 చొప్పున కలపండి. ఏ గీత దాటుతున్నారో తెలుస్తుంది. 225కి కొంచెం అటూఇటూ ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఒక్క యూనిట్ తేడా రెండు రూపాయల ముప్పావలా. బిల్లు చేతికొచ్చాక చూస్తే లాభం లేదు, రీడింగ్ తీసిన రోజు నుంచి పదిహేనో రోజున మీరే మీటర్ చూసి సగం లెక్క కట్టుకోండి, అప్పుడింకా సగం నెల చేతిలో ఉంటుంది.

తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి

అన్నిటికన్నా పెద్ద ఆదా పైసా ఖర్చు లేనిది, అది మన ఎండ. డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం రెండు మూడింటికి మిద్దె మీద పైపుల్లో నీళ్లు గోరువెచ్చగా వస్తాయని మన సీమవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా అవ్వ వాళ్లు ఇత్తడి గంగాళం వాకిట్లో ఎండకు పెట్టి, పొద్దు వాలేలోపు పిల్లలకు నీళ్లు పోసేసేవాళ్లు. ఇప్పుడు కూడా పిల్లల స్నానం, తలస్నానాలు వీలైనంత వరకు బడి నుంచి వచ్చాక సాయంత్రం పెట్టుకోండి. పొద్దున్నే తప్పనిసరైతే, మధ్యాహ్నం మూడింటికి పట్టి మూత పెట్టి లోపల ఉంచిన నీళ్లు కూడా ట్యాంకు నీళ్లంత చల్లబడవు. సాయంత్రం పూట 30 డిగ్రీల నీళ్లు దొరికాయంటే 40కి తేవడానికి కావాల్సింది పది డిగ్రీలే, అంటే అర యూనిట్ కాస్తా పావు యూనిట్ అయింది. ఏ అయిదు నక్షత్రాల గీజర్ కొన్నా ఇంత తగ్గింపు రాదు.

తర్వాత గీజర్ అలవాట్లు. లేవగానే స్విచ్ వేసి, లైటు ఆరగానే ఆపేసి, ఒకరి వెనక ఒకరు స్నానాలు కానివ్వండి. ఆరింటికి ఒకరు, ఎనిమిదికి ఒకరు, పదింటికి ఇంకొకరు అయితే మధ్యలో వేడి చల్లారిపోతూ ఉంటుంది. వేడి ఎక్కడ ఆగాలో చెప్పే థర్మోస్టాట్ తిప్పే మర అడుగున ఉంటే దాన్ని 50 దగ్గర పెట్టండి. చాలా ఇళ్లలో కొట్టువాడు బిగించినప్పుడు 65, 70 దగ్గర వదిలేసి వెళ్తాడు, ఎవరూ మళ్లీ ముట్టుకోరు.

ఇక మన బోరు నీళ్ల సంగతి. ఉప్పునీళ్లున్న ఊళ్లలో రాడ్ మీద, గీజర్ లోపలి కాయిల్ మీద తెల్లగా సున్నం పొర కట్టేస్తుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి సరిగా పోనివ్వదు, కాయిల్ తనలో తానే మాడిపోతుంది, ఆఖరికి ఒకరోజు కాయిల్ పగిలి నీళ్లలో కరెంటు పాకుతుంది. రాడ్ అయితే నెలకోసారి ప్లగ్గు తీసేసి, బాగా చల్లారాక, కాయిల్ వరకే చింతపండు నీళ్లలో గానీ వెనిగర్‌లో గానీ రాత్రంతా మునిగేలా పెట్టి పొద్దున పాత బ్రష్‌తో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా ఊడివస్తుంది. చాకుతో గీకొద్దు. గీజర్ అయితే ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యే ముందు, తెలిసినవాళ్లతో విప్పించి కడిగించండి. లోపల ఆనోడ్ రాడ్ అని ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా అది కరిగిపోతూ ఉంటుంది, మన నీళ్లకు అది త్వరగా అరుగుతుంది, అడిగి మరీ చూపించమనండి.

డబ్బు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

రాడ్ మంచిదే, చవకైనదే, కానీ పద్ధతి తప్పితే మనిషిని తీసేస్తుంది. నీళ్లలో పెట్టిన తర్వాతే స్విచ్. స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకిన తర్వాతే నీళ్లలో చెయ్యి. వేడైందో లేదో వేలు పెట్టి చూసే అలవాటుంటే ఈరోజే మానేయండి, ఇంట్లో పిల్లలకూ చెప్పండి. ఇనుప బకెట్ వద్దు. టీవీకి వాడే చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో రాడ్ పెట్టొద్దు, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి. మీటర్ దగ్గర ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ లేకపోతే పెట్టించండి, నీళ్లలోంచి మనిషిలోకి కరెంటు పారిన క్షణంలో అది లైన్ తెంచేస్తుంది. కొత్త గీజర్ కన్నా ముందు కొనాల్సింది అదే అని నేను ఎవరడిగినా చెప్తాను.

ఎర్తింగ్ గురించి కూడా ఒక మాట. మనది గరుసు నేల, ఎండిన నేల. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తింగ్ గుంతలో తడి ఆరిపోయి, బొగ్గు, ఉప్పు కరిగిపోయి, వైరు ఒక్కటి మాత్రం పేరుకు నిలబడి ఉంటుంది. వారానికి రెండుసార్లు ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. కొళాయి పట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోంది అంటే అది చలికి కాదు, ఆ పూటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

గ్యాస్ గీజర్‌ను గాలి ఆడని బాత్రూంలో పెట్టడం, చంటిబిడ్డ తల్లి ఉన్న గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టడం, ఈ రెండిటి వల్ల వచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు, మత్తుగా నిద్ర పట్టినట్టే ఉండి మనిషి లేవడు. బాలింతకు సాంబ్రాణి ధూపం వేసి కుంపటి బయటికి తెచ్చేయండి, రాత్రంతా గదిలో వదలొద్దు. గ్యాస్ గీజర్ బాత్రూం బయట గోడకు ఉండాలి, లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే రావాలి.

గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి

14.2 కిలోల సిలిండర్‌తో ఇంట్లో మామూలు పొయ్యి మీద, మూత పెట్టి కాస్తే సుమారు 200 నుంచి 240 బకెట్లు వస్తాయి. సిలిండర్ 900 అనుకుంటే బకెట్‌కు రూ.3.75 నుంచి 4.50. కరెంటు బకెట్ మీరు రూ.4.50 మెట్టు మీద ఉంటే రూ.2.25, ఆరు రూపాయల మెట్టు మీద ఉంటే రూ.3, రూ.8.75 మెట్టు మీద ఉంటే రూ.4.40 దాకా. అంటే 225 యూనిట్ల లోపు వాడే ఇంటికి గ్యాస్ మీద నీళ్లు కాయడం నష్టం, ఆ గీత దాటిన ఇంటికి రెండూ ఇంచుమించు సమానం. ఉజ్వల కనెక్షన్ ఉండి సిలిండర్‌కు 300 తగ్గింపు వచ్చేవాళ్లకు లెక్క మళ్లీ మారుతుంది, బకెట్ రూ.2.50, 3 దగ్గర పడుతుంది. 2025-26లో ఆ తగ్గింపు ఏడాదికి 9 సిలిండర్ల దాకానే.

రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం ఉచిత సిలిండర్లు ఏడాదికి మూడూ ఒకేసారి ఇవ్వరు. నాలుగు నెలలకొకటి, చలికాలానిది డిసెంబర్ నుంచి మార్చి విడతలో వస్తుంది. ఆ విడత దాటితే ఆ సిలిండర్ పోయినట్టే, కాబట్టి మార్చి దాకా ఆగకుండా ముందే బుక్ చేసుకోండి. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. పడకపోతే మొదట ఈ-కేవైసీ అయిందో లేదో, ఏ బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకైందో చూసుకోండి, చాలామందికి డబ్బు పడింది కానీ వాళ్లు మర్చిపోయిన పాత ఖాతాలో పడింది. అప్పటికీ తేలకపోతే 1967కి ఫోన్ చేయొచ్చు.

పల్లెల్లో కంది కట్టె, పత్తి కట్టె, కంప ఉన్నవాళ్లకు నీళ్ల కాగు కింద మంట పెట్టడమే అన్నిటికన్నా చవక, దాన్ని నేను కాదనను. కాకపోతే ఆ పొయ్యి వాకిట్లో ఉండాలి, వసారాలో కాదు. పొగ మింగేది ఎప్పుడూ ఇంటి ఆడవాళ్లే. పచ్చి కట్టె పెట్టి ఊదుకుంటూ కూర్చోవడం కన్నా వానలు తగ్గగానే కట్టె ఎండబెట్టి రేకు కింద పేర్చుకుంటే పొగ సగం తగ్గుతుంది.

గది వెచ్చదనం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 2000 వాట్ల రూమ్ హీటర్ రాత్రికి నాలుగు గంటలు వేస్తే 8 యూనిట్లు, నెలకు 240. మన ఊళ్లలో దానికి అంత అవసరం రాదు, ముసలివాళ్లకు జబ్బు చేసినప్పుడు తప్ప. కడప బండలు, బేతంచర్ల బండలు పరిచిన నేల రాత్రి జిల్లుమంటుంది, చలి మనకు ఎక్కువగా పాదాల నుంచే ఎక్కుతుంది. మంచం దిగే చోట జంపఖానా, కింద పడుకునేవాళ్లకు చాప మీద బొంత, పైన కురుబలు నేసిన కంబళి. రేకుల ఇంట్లో రేకుకూ గోడకూ మధ్య సందుల్లో పాత గోనె కుక్కితే గాలి ఆగుతుంది, గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో మాత్రం ఆ సందులు మూయొద్దు.

సోలార్ పెట్టించాలా

కర్నూలు వైపు గని-శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టింది మన ఎండను చూసే. ఇంటి మీద పెట్టుకునేటప్పుడు మాత్రం రెండు వేర్వేరు వస్తువులను ఒకటే అనుకోకండి.

ఒకటి నీళ్లు కాసే సోలార్ వాటర్ హీటర్. 100 లీటర్లది 20 వేలకు అటూఇటుగా పడుతుంది. అమ్మేవాళ్లు ఏడాదంతా లెక్క చూపిస్తారు, కానీ మన ఎండాకాలంలో వేడినీళ్లు ఎవరికి కావాలి? నాలుగు నెలలే వాడితే మిగిలేది 240 యూనిట్లు, అంటే ఏడాదికి 1,440 నుంచి 2,100 రూపాయలు. పెట్టిన డబ్బు రావడానికి పదేళ్లు దాటొచ్చు. అదే ఇంట్లో ఏడాదంతా వేడినీళ్లు పోసుకునే పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నా, ఆరేడు మంది ఉమ్మడి కుటుంబం అయినా, చిన్న లాడ్జి, హాస్టల్ నడుపుతున్నా కళ్లు మూసుకుని పెట్టించొచ్చు. కొనేటప్పుడు ఉప్పునీళ్లు ఉన్నవాళ్లు గాజు గొట్టాల రకమే తీసుకోండి, రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకంలో సన్నటి దారులు సున్నంతో పూడిపోతాయి. ట్యాంకు నుంచి బాత్రూం దాకా పైపు పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది, లేకపోతే వేడినీళ్లు వచ్చేలోపు రెండు బకెట్ల చన్నీళ్లు వదలాలి.

రెండోది కరెంటు పుట్టించే ప్యానెళ్లు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ వీటికే ఉంది, నీళ్ల హీటర్‌కు లేదు. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండిటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేలు. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. పగలు మీరు వాడని కరెంటు లైన్‌లోకి వెళ్లి నెట్ మీటర్‌లో మీ పేరు మీద జమ అవుతుంది, తెల్లారుజామున గీజర్ తీసుకున్నది దాంట్లోంచి తీసేస్తారు. కాబట్టి పగటి ఎండతో తెల్లారి స్నానం చేయడం నిజంగానే కుదురుతుంది. ఏడాదంతా 200 యూనిట్లు దాటే సొంతిళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. 100 యూనిట్ల లోపు ఇంటికి వద్దు, కింది మెట్ల రేటుకే మీకు కరెంటు చవగ్గా వస్తోంది.

బిల్లు చదవడం, అడగాల్సిన చోట అడగడం

బిల్లులో ఆర్‌ఎండీ అని ఉంటుంది, ఆ నెలలో మీరు ఒకేసారి లాగిన గరిష్ఠ లోడ్ అది. ఒక కిలోవాట్ కనెక్షన్ ఉన్న ఇంట్లో 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ పెడితే అది వెంటనే మూడు దాటుతుంది, కొన్నాళ్లకు అదనపు లోడ్ కట్టమని నోటీసు వస్తుంది. డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్ కట్టాలి, ఆ తర్వాత నెలనెలా కిలోవాట్‌కు రూ.10 స్థిర ఛార్జీ. మా అక్క వాళ్లకు గీజర్ అమ్మిన కొట్టులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మోటార్, గీజర్, ఇస్త్రీ పెట్టె మూడూ ఒకేసారి వేయకుండా చూసుకుంటే చాలావరకు ఈ టెన్షన్ ఉండదు.

ఇంధన సర్దుబాటు ఛార్జీ ఈ నెల వాడకం మీద పడేది కాదు, వెనకటి నెలల యూనిట్ల మీద పడేది. అందుకే ఈ నెల తక్కువ వాడినా ఆ వరుసలో అంకె పెద్దగా ఉండొచ్చు. అద్దె ఇల్లు మారినవాళ్లు పాత అద్దెదారు వాడకం మీద కూడా కట్టాల్సి వస్తోంది, ఇది న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు జగ్జీవన జ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం ఉంది. ఏడాదంతా 150 దగ్గర ఉండే ఇల్లు డిసెంబర్, జనవరిలోనే 200 గీత దాటుతుంది, దాటించేది పైన చెప్పిన వేడినీళ్లే. ఈ ఇళ్లలో పదిహేనో రోజు మీటర్ చూసుకోవడం అందరికన్నా ఎక్కువ అవసరం. అర్హత ఉండీ అమలు కాకపోతే సర్వీస్ నంబర్, కుల ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయంలో గానీ కరెంటాఫీసులో గానీ అడగండి. మీటర్ మీద అనుమానం ఉంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి, ఆ నంబర్ లేకుండా తర్వాత ఎక్కడికి వెళ్లినా మాట నిలవదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. వచ్చే ఏప్రిల్ నుంచి రేట్లు ఎలా ఉండాలో తేలేది సరిగ్గా ఈ చలికాలంలోనే. పంపిణీ సంస్థలు తమ లెక్కలు నవంబర్ చివరికల్లా విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి, జనవరిలో బహిరంగ విచారణ జరుగుతుంది, మార్చిలోపు ఉత్తర్వు వస్తుంది. ఆ మండలి ఆఫీసు 2023 నుంచి మన కర్నూలులోనే ఉంది, దిన్నెదేవరపాడు దారిలో. మామూలు వినియోగదారు ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, విచారణలో మాట్లాడొచ్చు. పత్రికల్లో ప్రకటన వచ్చినప్పుడు ఆఖరు తేదీ చూసుకుని, మీ పన్నెండు నెలల బిల్లుల జిరాక్సులు, ఏ నెల ఏ మెట్టు దాటారో ఒక కాగితం మీద చేత్తో రాసిన పట్టిక, వాటితో పాటు మీరు అడిగేది ఒక్కటే, స్పష్టంగా, రెండు పేరాల్లో రాసి పంపండి. నేను రాయబోయేది పాత అద్దెదారు బకాయి కొత్తవాళ్ల మీద పడటం గురించి. అక్క 225 గీత గురించి రాస్తానంటోంది, బిల్లులన్నీ బియ్యం డబ్బా మీద క్లిప్పు పెట్టి దాస్తోంది. ఈ నెల వాళ్లకు 231 వచ్చింది.